ఉప్పుకి నాలుగు, పప్పుకి అయిదు

గౌరునాయుడి గొంతు తిరిగొచ్చిన రోజున హైమ ప్రయోగశాలలో అందరికీ జాంగ్రీలు పంచింది. మూడు వారాలు తిరక్కుండానే, ఆ జాంగ్రీలు తిన్నవాళ్ళే ఆమె ఎదురుపడితే ఫోను చూసుకుంటూ పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టారు.

గౌరునాయుడు విజయనగరం బస్టాండులో ముప్ఫై ఏళ్ళు మైకు దగ్గర కూర్చున్న మనిషి. ‘సాలూరు పోవలసిన ప్రయాణికులు’ అని ఆయన ఒక్క కేక వేస్తే, సాలూరులో ఏ పనీ లేనివాళ్ళు కూడా ఒకసారి సంచీ సర్దుకునేవారట. అలాంటి మనిషికి రిటైరైన రెండో ఏట పక్షవాతం వచ్చి మాటనీ, కుడిచేతినీ పట్టుకుపోయింది. మాట తలలో తయారవుతూనే ఉంది, నోటిదాకా వచ్చే దారి మాత్రం తెగిపోయింది.

విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఈ ఆసుపత్రి ప్రయోగశాలలో అలాంటివాళ్ళ కోసమే పలుకుబిళ్ళ తయారైంది. చూడటానికి కందిబద్దంత ఉంటుంది. పుర్రె కింద అమర్చితే, మెదడులో మాట తయారయ్యే చోటికి వెళ్ళి ‘ఏమంటున్నావు?’ అని అడుగుతుంది. మెదడు ఇచ్చిన మాటని తెచ్చి మెడలో వేలాడే చిన్న స్పీకరుకి అందిస్తుంది. గొంతు కోసం పాత బస్టాండు రికార్డులు దొరికాయి. దాంతో గౌరునాయుడు ‘టీ’ అని అడిగినా, ఆ టీ మరి కొద్దిసేపట్లో మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నట్టే వినిపించేది.

ఇందులో ఒక చిక్కుంది. మెదడుని మాట అడిగే ముందే, ఆ మాట పెట్టుకోవడానికి బిళ్ళలో కొన్ని గళ్ళు ఖాళీగా ఉంచాలి. ధ్వనికొక గడి. ఎన్ని గళ్ళున్నాయో మెదడు చూసుకోదు. అడిగావు కనుక ఇస్తుంది, ఇచ్చేసి తన దారిన తాను పోతుంది. లెక్క చూసుకోవలసిన పూచీ అంతా అడిగినవాళ్ళదే. ఆ అడిగే భాగం రాసింది హైమ.

హైమది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు తాతగారు పద్యం చెప్పి, పాదానికెన్ని అక్షరాలో వేళ్ళ మీద లెక్కపెట్టించేవారు. ఒత్తుకి వేరే వేలు ముడిస్తే మొట్టికాయ పడేది. ఒత్తు ఎంత పెద్దదైనా, కిందనున్నవి రెండైనా, అక్షరం ఒక్కటే. ఆ మొట్టికాయల పుణ్యమా అని హైమ బళ్ళో తెలుగులో ఎప్పుడూ ఫస్టే. అందుకే పలుకుబిళ్ళకి తెలుగు నేర్పే పని వచ్చినప్పుడు ఆమె ఏమాత్రం తడుముకోలేదు. మనిషి మాట తలుచుకోగానే అందులో ఎన్ని అక్షరాలున్నాయో మెదడు వేసే తాళాన్ని బట్టి తెలిసిపోతుంది. అక్షరానికి రెండు గళ్ళు చొప్పున ఇచ్చేస్తే సరి: హల్లుకొకటి, అచ్చుకొకటి. పరీక్షకి ఒకటో తరగతి వాచకంలోంచి మాటలు ఏరింది. అల, వల, తల, బడి, పలక. ఒక్కటి కూడా తప్పు పోలేదు. జాంగ్రీలు వచ్చింది ఆ రోజే.

మర్నాడు పొద్దున్న గౌరునాయుడు భార్యని పిలిచాడు.

చంద్రమ్మ కుడివైపు స్టూలు మీద కూర్చుని బత్తాయి తొనలు వలుస్తోంది. ఎనిమిది నెలల తరవాత మొగుడి గొంతులోంచి తన పేరు వినబడుతోందని ఆమె తలెత్తిందో లేదో, ఆ పేరు పూర్తికాకుండానే, ఎనిమిది నెలలుగా చలనం లేని ఆ కుడిచెయ్యి విసురుగా లేచి ఆమె చెంప మీద పడింది. కళ్ళజోడు వెళ్ళి తలుపు దగ్గర పడింది. గౌరునాయుడు బిత్తరపోయాడు. అయ్యో అనబోయి, కంగారులో మళ్ళీ ఆ పేరే పిలిచాడు. రెండో దెబ్బ భుజం మీద పడింది.

అంతే, ఆ రోజు నుంచి ఆయన భార్యతో మాట్లాడటం మానేశాడు. కావలసింది ఏదైనా ఉంటే గోడకేసి చూసి ఒక్క మాట అనేవాడు. రిపోర్టులో ఎవరో ‘అణచుకున్న కోపం బయటపడుతోంది’ అని రాశారు. ఆ వాక్యాన్ని ఒక నర్సు చంద్రమ్మ చెవిన వేసింది. నలభై ఏళ్ళ కాపురంలో తాను చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంటూ చంద్రమ్మ తన స్టూలుని ఆయన ఎడమవైపుకి మార్చుకుంది. చెయ్యి అటువైపు అందదు.

మంగళవారం నాడు డాక్టర్ సోమయాజులు హైమని గదిలోకి పిలిచాడు. బిళ్ళని తలలో అమర్చిన సర్జన్ ఆయనే. ఏ వార్తయినా చాక్లెట్ చేతిలో పెట్టి చెప్పే అలవాటు ఆయనది. ఆ రోజు రెండు పెట్టాడు.

“శుక్రవారం ఈ ప్రయోగాన్ని తనిఖీ చేసే కమిటీ వస్తోందమ్మా. కమిటీ పెద్ద ప్రొఫెసర్ దయామణిగారే స్వయంగా వస్తున్నారు. పేషెంటు వల్ల ఇంట్లోవాళ్ళకి దెబ్బలు తగులుతున్నాయంటే బిళ్ళ తీసెయ్యమంటారు.”

“తీసి, బాగుచేసి మళ్ళీ పెట్టొచ్చు కదండీ?”

“అరవై రెండేళ్ళ మనిషి పుర్రె అది, పోపులపెట్టె మూతనుకున్నావా? ఒకసారి తీస్తే తీసినట్టే. ఇంక ఆయన మాట్లాడడు.” సోమయాజులు మూడో చాక్లెట్ తాను తిన్నాడు. “ఆఖరిమాట మాత్రం ఆయన భార్యదే. ఉంచమంటుందో, తీసెయ్యమంటుందో. కాగితాలు నువ్వే పట్టుకెళ్ళు.”

హైమకి అన్నం సహించలేదు. రాసిందంతా మొదటి నుంచి చివరిదాకా నాలుగుసార్లు చదివింది. తాతగారు చూసినా వంక పెట్టలేని లెక్క అది.

బుధవారం పొద్దున్న ఏడింటికి కాగితాలు పట్టుకుని అతిథిగృహం వంటగదికి వెళ్ళేసరికి చంద్రమ్మ ఇడ్లీలు వేస్తోంది. ఆసుపత్రి ఇడ్లీతో గోడకి మేకు కొట్టొచ్చని ఆవిడ అభిప్రాయం. అందుకని సొంతంగా పిండి రుబ్బించుకుని, నాలుగు గుంటల రేకుల స్టాండు ఒకటి సంపాదించుకుంది. హైమ కాగితాలు వెనక్కి దాచుకుని నిలబడింది.

“కూకో అమ్మా. ఏటలగ పాలిపోయి ఉన్నావు? నాను ఒకటడుగుతాను, సదువులేందని నవ్వకు.”

“అయ్యో, అడగండి పిన్నిగారూ.”

“మీ మిషనుకి ఉప్పంటే ఇష్టవూ, పప్పంటే కోపవూనేటి?”

హైమకి అర్థం కాలేదు.

“నిన్న ఉప్పు కావాలన్నాడు. గోడకి సెప్పినాడనుకో. సెయ్యి కదల్నేదు. పప్పన్నాడు, ఏలు ఎగిరి గ్లాసు తన్నీసినాది. మొన్నా అంతే. అటుమొన్నా అంతే. కూరంటే కదల్దు, అన్నవంటే కదుల్తాది. నామీద కోపవని రాసినారంట కదా. కోపవైతే అన్నిటికీ ఉండాల గదా? ఉప్పుకి లేని కోపం పప్పుకేటి?”

ఇంతమంది చదువుకున్నవాళ్ళు మూడు వారాలుగా ఆయన కోపాన్ని కొలుస్తున్నారే గానీ, ఏ మాటకి చెయ్యి లేస్తోందో, ఏ మాటకి లేవడంలేదో రాసి పెట్టినవాళ్ళు లేరు. హైమ అలవాటు ప్రకారం వేళ్ళు ముడిచింది. ఉ, ప్పు. రెండు. ప, ప్పు. ఇదీ రెండే. రెండింటికీ నాలుగేసి గళ్ళు. ఒత్తు కూడా ఒకటే ఒత్తు.

“రెండూ సమానమేనండీ,” అంది నీరసంగా.

“సమానవెలగవుద్ది? పప్పు అనాలంటే ముందు మూతి ముయ్యాల. ఉప్పుకి అక్కర్నేదు,” అని చంద్రమ్మ మూతి మూసి, తెరిచి చూపించింది.

హైమ ఆవిడ మూతికేసే చూస్తూ ఉండిపోయింది. తరవాత, “పిన్నిగారూ, నేనొక్కొక్కటీ చెప్తాను, మీరొక్కొక్క గరిటె పొయ్యండి,” అంది. “ఉ.”

చంద్రమ్మ ఈ పిల్లకేదో అయిందనుకుంటూనే ఒక గుంటలో పిండి పోసింది.

“ప్. ఇంకో ప్. మళ్ళీ ఉ.”

నాలుగు గుంటలూ నిండాయి. రేకు సరిపోయింది. చంద్రమ్మ ఆ రేకు తీసి కింద పెట్టి, ఖాళీ రేకు ఒకటి పైన పెట్టింది.

“ఇప్పుడు పప్పు. ప్. అ. ప్. ప్...” హైమ రేకుకేసి వంగింది. “ఉ.”

నాలుగు గుంటలూ అప్పటికే నిండిపోయాయి. గరిటెలో పిండి ఉంది. పొయ్యమంటే పోసే మనిషి చంద్రమ్మ. అయిదో గరిటె కూడా పోసింది. పిండి అంచు మీంచి జారి కింద రేకులోని ఇడ్లీ మీద పడింది.

“ఇదిగో, కిందదాన్లోకి పోనాది,” అంది చంద్రమ్మ.

హైమ అక్కడే నేల మీద కూర్చుని ఆ రేకునే చూసింది. పలుకుబిళ్ళలో మాట గళ్ళకి ఆనుకునే ఉన్న తరవాతి వరస కుడిచేతిది. చేతికి ఆజ్ఞలు పంపే గళ్ళవి. ఎప్పటికైనా ఆ చేతిని కూడా కదిలించాలని సోమయాజులుగారు ఆశపడి పెట్టించినవి. తాతగారి లెక్కలో ఒత్తుకి వేలు లేదు. కానీ నోరు పద్యం లెక్కపెట్టదు, ప్రతి ధ్వనినీ విడిగానే పలుకుతుంది. మెదడు అయిదు ఇస్తే, నాలుగు గళ్ళలో నాలుగు పడి, అయిదోది పక్కకి ఒలికి, చేతికి ఆజ్ఞ అయిపోయింది.

వెంటనే ఇంకో మాట గుర్తొచ్చి ఆమె మళ్ళీ వేళ్ళు ముడిచింది. చంద్రమ్మ. అక్షరాలు మూడు, గళ్ళు ఆరు. చ్, అ, ం, ద్, ర్, అ, మ్, మ్, అ. తొమ్మిది. ఒకటి ఒలికితే వేలు ఎగురుతుంది. మూడు ఒలికితే చెయ్యి చెయ్యంతా లేస్తుంది.

“పిన్నిగారూ, మిమ్మల్ని కొట్టింది ఆయన కాదండీ. నేను.”

చంద్రమ్మ ఆమె చేతుల్ని పైకీ కిందకీ చూసింది. “నువ్వా? ఆ సన్నపు సేతుల్తో ఆ దెబ్బ కొట్టగలవేటే గుంటా?”

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి హైమకి పొలమారింది. కాసేపటికి తేరుకుని, ఇడ్లీరేకునే చూపించి అంతా విడమరిచి చెప్పింది. చంద్రమ్మ పూర్తిగా విని, గరిటె గిన్నెలో పెట్టింది.

“అయితే ఆడు కోపంతో కొట్టనేదు.”

“పిలిచారంతేనండీ. మీ పేరుకి నేను జాగా తక్కువ పెట్టాను.”

చంద్రమ్మ అప్పటికే ఉడికిన వాయి పళ్ళెంలోకి తీసింది. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని, “కూకుని ఏడిస్తే ఇడ్లీలు ఆరిపోతాయి. తినేసి ఎల్లి ఆ జాగా పెట్టు,” అంది. హైమ తొమ్మిది ఇడ్లీలు తింది.

బాగుచెయ్యడం అంటే అక్షరానికి రెండు గళ్ళ బదులు ఆరేసి గళ్ళు ఇచ్చెయ్యడం కాదు. ఎవరు ఏ మాట అంటారో ముందే తెలిసినట్టు ఎంతని ఇస్తాం? అసలు పద్ధతి వేరే ఉంది. మెదడుని రెండుసార్లు అడగాలి. మొదటిసారి ఖాళీ చేతులతో వెళ్ళి, ‘నాకేమీ ఇవ్వొద్దు, ఎంత ఉందో చెప్పు చాలు’ అనాలి. మాట బయల్దేరే ముందు మెదడులో ఒక చిన్న అల లేస్తుంది. ఎన్ని ధ్వనులు వస్తాయో అది చెప్పేస్తుంది. అన్ని గళ్ళు సిద్ధం చేసుకుని, అప్పుడు రెండోసారి వెళ్ళి మాట తెచ్చుకోవాలి. పెళ్ళివారిని ఎంతమంది వస్తున్నారో కనుక్కుని విస్తళ్ళు వేసినట్టన్నమాట. ఈ సంగతి హైమకి తెలియనిది కాదు. బిళ్ళతోపాటు వచ్చిన పుస్తకంలో మూడో పేజీలోనే ఉంది. రెండుసార్లు అడిగితే అరసెకను ఆలస్యమవుతోందని, లెక్క తనకి వచ్చు కదా అని, ఆ మొదటి అడగడాన్ని తీసేసింది తనే. ఇప్పుడు నాలుక కరుచుకుని, తీసేసిందాన్ని తిరిగి పెట్టింది.

గురువారం మధ్యాహ్నం గదిలో పరీక్ష జరిగింది. తెర మీద ముందు అంకె కనబడుతుంది, తరవాత మాట వినబడుతుంది.

అయిదు. “పప్పు,” అన్నాడు గౌరునాయుడు. చేతి కింద పెట్టిన గ్లాసులో నీళ్ళు తొణకలేదు. సోమయాజులు చప్పట్లు కొట్టబోయాడు.

రెండు. “టీప్పు.”

“టీప్పేటి?” అంది చంద్రమ్మ. గౌరునాయుడు తనకేమీ తెలియదన్నట్టు ఎడమచెయ్యి తిప్పాడు.

హైమ నుదురు కొట్టుకుంది. టీకి గళ్ళు రెండే ఇచ్చింది, బాగానే ఉంది. కానీ ఆగే చోటు చెప్పే పాత అక్షరాల లెక్క తీసేశాక, మాట ఇక్కడితో అయిపోయిందని చెప్పే గుర్తు పెట్టడానికి గడి ఉంచలేదు. దాంతో స్పీకరు ఆగకుండా, పక్కనే మిగిలి ఉన్న పాత పప్పు తోకని కూడా చదివేసింది. ఆ రోజంతా ప్రయోగశాలలో ఎవరు కాంటీనుకి వెళ్ళినా టీప్పే అడిగారు. సాయంత్రానికల్లా హైమ ప్రతి మాటకీ ఒక గడి అదనంగా ఇవ్వడం నేర్పింది. పప్పు ఆరయింది, టీ మూడయింది, మాట ఆగవలసిన చోట ఆగింది. మరీ ఎక్కువ అడిగితే ఏదో తేడా వచ్చినట్టే కాబట్టి, వంద గళ్ళు దాటితే మాత్రం తనని అడగకుండా ఇవ్వొద్దని ఒక కట్టడి కూడా పెట్టింది.

ఒక్క మాట మాత్రం పరీక్షించలేకపోయారు. భార్య పేరు పిలవమంటే గౌరునాయుడు తల అడ్డంగా తిప్పాడు. ఎంత బతిమాలినా వినలేదు.

శుక్రవారం పదిగంటలకి కమిటీ వచ్చింది. ప్రొఫెసర్ దయామణికి అరవై దాటాయి. తెల్లచీర, చేతిలో లావుపాటి ఫైలు. ఆవిడ వెనకాల మరో ఇద్దరు సభ్యులు కూర్చున్నారు. పప్పు, నీళ్ళు, అన్నం, బొబ్బిలి, పార్వతీపురం అన్నీ అయ్యాయి. చెయ్యి కదల్లేదు. దయామణి ఫైల్లో ఏదో రాసుకుంది.

“బాగానే ఉంది. కానీ దెబ్బ తగిలింది బొబ్బిలి అన్నప్పుడు కాదు కదా,” అందావిడ. “చంద్రమ్మగారూ, మీకు అభ్యంతరం లేకపోతే కుడివైపు వచ్చి కూర్చోండి. చేతికి అందేంత దగ్గరగా. నాయుడుగారూ, ఆవిడని పేరు పెట్టి పిలవండి.”

చంద్రమ్మ స్టూలు ఎత్తుకుని ఇటు వచ్చింది. కూర్చుంది గానీ, ముఖం ఆమెకి తెలియకుండానే ఒక జానెడు వెనక్కి పోయింది. అది గౌరునాయుడు చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

హైమ తెరకేసి చూస్తోంది. రావలసిన అంకె ఆమెకి తెలుసు. తొమ్మిదీ, ఆగడానికొకటీ, మొత్తం పది.

తెర మీద అంకె పడింది. 1846.

కింద ఎర్ర అక్షరాలు: ఇవ్వనా? వద్దా?

“ఇదేమిటి?” దయామణి కుర్చీలోంచి ముందుకి వంగింది. “పది రావాలన్నారుగా. అంటే యంత్రం పాడైందన్నమాట.”

“తెలీదండీ,” అంది హైమ. ఆ సమయంలో అంతకంటే నిజం ఆమె దగ్గర లేదు. “పాడైనా అవ్వొచ్చు. లేకపోతే... నిజంగానే అంత ఉండొచ్చు.”

“అంకె తప్పైతే ఏమవుతుంది?”

“ఎంత ఒలుకుతుందో చెప్పలేనండీ.”

సోమయాజులు జేబులో చాక్లెట్ కోసం వెతుక్కున్నాడు. హైమ ‘వద్దు’ అని నొక్కెయ్యొచ్చు. మళ్ళీ నెమ్మదిగా, ఒక్క పేరు మాత్రమే తలుచుకోమని చెప్పొచ్చు. పది వస్తుంది, పది ఇస్తుంది, పరీక్ష పాసవుతుంది. ఆ పద్ధెనిమిది వందల చిల్లరా ఏమిటో ఎవరికీ తెలియకుండా ఆయన తలలోనే ఉండిపోతుంది. హైమ వేలు ఆ గుర్తు దాకా వెళ్ళి ఆగింది. మనిషికి ఎంత జాగా కావాలో మనిషిని అడక్కుండా తాను తేల్చెయ్యబట్టే కదా, ఇంత దాకా వచ్చింది!

ఆమె చంద్రమ్మకేసి చూసింది. “పిన్నిగారూ, మీరు కాస్త దూరం జరగండి.”

చంద్రమ్మ జరగలేదు. గౌరునాయుడి కుడిచేతిని రెండు చేతులతో ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది.

“ఇచ్చీయమ్మా. అడిగినంతా ఇచ్చీ. లెగిస్తే నాను పట్టుకుంటాను.”

హైమ ‘ఇవ్వు’ నొక్కింది. అరసెకను గడిచింది.

“చంద్రమ్మా,” అన్నాడు గౌరునాయుడు.

చెయ్యి ఒళ్ళోనే ఉంది.

“నాను నిన్ను కొట్టనేదే. నలభై ఏళ్ళు కొట్టనోణ్ని ఇప్పుడెందుకు కొడతానే. నీ పేరెత్తితే సెయ్యి లెగుస్తందని నీ పేరు మానీసినాను. నీ పేరు మానీస్తే నాకింక మాట ఎక్కడిదే, నాను ఏ మాటైనా నీ పేరుతోటే కదా మొదలెడతాను. అందుకే గోడకి సెప్పుకున్నాను. గోడకేటి తెలుసు. నువ్వు ఎడమేపు కూకుంటే నీ కుడిసెవి నాకేసి ఉంటాది. ఆ సెవి నీకు మందం. నాకు తెల్దనుకున్నావేటి? నువ్వు ఆ పక్కనున్నన్నాళ్ళూ నాను సెప్పినా నీకినపడదని ఒకటే బెంగ...”

బస్టాండు గొంతు అది. నాలుగు ప్లాట్‌ఫారాలకీ వినబడేలా వస్తోంది. బయట వరండాలో నర్సులు ఆగిపోయారు. ఆ మొదటి దెబ్బకి కిందపడి పగిలిన కళ్ళజోడు ఇంకా మార్పించుకోలేదేమని అడిగాడు. పడిపోయిన రోజున అంబులెన్సులో ఆమె తన కాళ్ళు రుద్దుతూ కూర్చున్నప్పుడు, ‘నాను బాగానే ఉన్నాను, నువ్వు ఏడవకు’ అందామనుకుని అనలేకపోయానన్నాడు. మొన్న కట్టుకున్న ముదురాకుపచ్చ చీర బాగుందన్నాడు. ఆసుపత్రి సాంబారులో ఎనిమిది నెలలుగా ములక్కాడ ముక్క కనబడలేదని కూడా, సోమయాజులుగారు అక్కడే ఉన్నారని చూసుకోకుండా చెప్పేశాడు. ఇంట్లో మందారానికి పక్కింటివాళ్ళు నీళ్ళు పోస్తున్నారో లేదో కనుక్కోమన్నాడు. మళ్ళీ మొదటికొచ్చి, కొట్టనేదే, కొట్టనేదే అన్నాడు.

దాదాపు మూడు నిమిషాలు పట్టింది. తెర మీద గళ్ళు వరసగా నిండుతూ వచ్చి, పద్ధెనిమిది వందల నలభై అయిదో గడి దగ్గర మాట అయిపోయింది, నలభై ఆరో గడిలో ఆగే గుర్తు పడింది. ఒక్కటీ ఒలకలేదు. అంకె తప్పు కాదు. మనిషి దగ్గర నిజంగానే అంత ఉంది. హైమకి తెర మసకగా కనబడింది. కళ్ళు తుడుచుకుంటే గానీ తాను ఏడుస్తున్నట్టు ఆమెకి తెలియలేదు.

వెనక కూర్చున్న ఇద్దరిలో ఒకాయన ముక్కు చీదాడు. దయామణి ఫైలు మూసి, మళ్ళీ తెరిచి, ఏ పేజీ కావాలో మరిచిపోయి ఊరుకుంది. కాసేపటికి గొంతు సవరించుకుని, “చంద్రమ్మగారూ,” అంది. “పద్ధతి ప్రకారం అడగాలి కనుక అడుగుతున్నాను. బిళ్ళ ఉంచమంటారా, తీసెయ్యమంటారా?”

చంద్రమ్మ జవాబు చెప్పడానికి అటు తిరిగింది. ఇంతలో తెర మీద ఇంకో అంకె పడింది. 10.

హైమకి అది చాలు. ఏమి వినబడబోతోందో ఆమెకి ముందే తెలిసిపోయింది.

“చంద్రమ్మా!”

చంద్రమ్మ కమిటీనీ, కాగితాలనీ అక్కడే వదిలేసి ఇటు తిరిగింది. ఆమె ముఖం ఈసారి వెనక్కి పోలేదు.

“ఏటి?”

“ఏటీ లేదు. ఊరికే పిలిసినాను.”